రెండు లైబ్రరీలూ మంచివే, కలిపితేనే క్రాష్

లినక్స్ కోసం సీ భాషలో లైబ్రరీలు (వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) రాసి, సోర్స్ ఇవ్వకుండా డాట్ ఎస్‌ఓ ఫైలు, అంటే కంపైల్ చేసేసిన లైబ్రరీ మాత్రం చేతిలో పెట్టే కంపెనీలన్నిటికీ ఒక మాట చెప్పాలని చాలా రోజులుగా ఉంది. ఆ మాట తర్వాత చెబుతాను. ముందు కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి కదా.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి కాస్త ఇవతల ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీ ఉంది, పేరు అనవసరం. గడ్డకట్టించిన సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గరో అంతకన్నా కిందో ఉండాలి, ఏ గదిలోనైనా టెంపరేచర్ పైకి పాకితే వెంటనే ఫోన్ మోగాలి. ఇదీ మా పని. ఒక చిన్న ఇండస్ట్రియల్ పీసీ, దాంట్లో ఉబుంటు, దాని వెనక నుంచి ఫ్యాక్టరీల్లో పరికరాలని కలిపే ఒక ఆర్‌ఎస్-485 వైరు బయల్దేరి గదుల్లో ఉన్న టెంపరేచర్ కంట్రోలర్లనీ కరెంటు మీటర్లనీ వరసగా తగులుకుంటూ పోతుంది. వాటి మధ్య నడిచేది మోడ్‌బస్, 1979 నాటి ప్రోటోకాల్, ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో దాన్ని కదిపేవాళ్లు లేరు. మా ప్రోగ్రామ్ ఎవరికీ గుర్తు రానంత నిశ్శబ్దంగా నడిచేది, ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి అంతకన్నా మంచి సర్టిఫికెట్ ఇంకోటి ఉండదు.

తర్వాత ఓనర్ గారికి గది తలుపు ఎవరు ఎప్పుడు తీస్తున్నారో కూడా తెలియాలనిపించింది. న్యాయమే, తలుపు తీసి వదిలేస్తేనే కదా చల్లదనం పోయేది. కార్డు రీడర్లు కొన్నారు. ఆ రీడర్ కంపెనీ ఒక డాట్ ఎస్‌ఓ ఫైలూ దాంట్లోని ఫంక్షన్ల జాబితా ఉన్న ఒక హెడర్ ఫైలూ ఇచ్చింది, అంతే. మీటర్లతో మాట్లాడే లైబ్రరీ ఇంకో కంపెనీది, అది సోర్స్‌తో సహా జిప్‌లో వచ్చింది. అసలు పేర్లు రాయను కాబట్టి ఇక్కడి నుంచి ఒకదాన్ని లిబ్‌కార్డ్ అనీ, రెండోదాన్ని లిబ్‌మీటర్ అనీ అనుకోండి.

కొత్త వెర్షన్ పెట్టాక గొడవ మొదలైంది. రుషికొండలో మా ఆఫీసు టేబుల్ మీద ఏ గోలా లేదు, అక్కడికి కార్డు రీడర్ ఇంకా రాలేదు, అందుకని ఆ భాగం లేకుండానే బిల్డ్ చేసి చూసుకున్నాం. సైట్‌లో మాత్రం ఒక్కోసారి ప్రోగ్రామ్ పుటుక్కున పడిపోతుంది, సర్వీసుల్ని చూసుకునే సిస్టమ్‌డీ లేపుతుంది, మళ్లీ పడుతుంది. ఇంకోసారి అసలు పడిపోదు, హాయిగా నడుస్తూ ఉంటుంది, కానీ కంట్రోలర్లు జవాబివ్వవు, లాగ్ నిండా టైమ్‌అవుట్లే. మమ్మల్ని తిప్పలు పెట్టింది ఈ రెండో రకమే. వైజాగ్‌లో సముద్రం పక్కన ఒక పరికరం జవాబివ్వడం లేదంటే ఎవరైనా మొదట తిట్టుకునేది ఉప్పుగాలినే, కనెక్టర్ విప్పితే పచ్చగా చిలుము కనబడటం ఇక్కడ కొత్తేం కాదు. ఎలక్ట్రీషియన్ పాపం ఉన్న వైరంతా పీకి కొత్తది లాగాడు, లైను చివర పెట్టే 120 ఓమ్‌ల రెసిస్టర్ కూడా మార్చాడు, చివరికి నాకే ఫోన్ చేసి, "వైరంతా మార్చీసేను సార్, ఆ సివర్న రెసిస్టరూ కొత్తదే ఏసేను, ఇంకేటి సెయ్యమంటారు మీరే సెప్పండి" అన్నాడు. ఏం చెప్పమంటారు నన్ను.

క్రాష్ అయినప్పుడు కెర్నల్ ఒక లైను రాసి పెడుతుంది, డీమెసేజ్‌లో చూడొచ్చు. అందులో సెగ్‌ఫాల్ట్ (ముట్టకూడని మెమరీని ముట్టడం), 6 అనే అడ్రస్ దగ్గర, ఎర్రర్ 4, లిబ్‌కార్డ్ లోపల అని ఉంది. ఎర్రర్ 4 అంటే యూజర్ ప్రోగ్రామ్ లేని పేజీని చదవబోయిందని అర్థం, అందులో వింత లేదు. కానీ అడ్రస్ 6 ఏమిటి? సున్నా అయితే నల్ పాయింటర్ అనుకుంటాం. పెద్ద చెత్త నంబరు అయితే మెమరీ ఎక్కడో పాడైందనుకుంటాం. 6 చూస్తే మాత్రం ఎవరో లెక్కబెట్టి ఇచ్చినట్టుంది.

లైనులో లిబ్‌కార్డ్ పేరు కనబడగానే అందరూ ఆ కంపెనీ మీద పడ్డారు. వాళ్లు తమ టెస్ట్ ప్రోగ్రామ్‌తో రీడర్‌ని రాత్రంతా నడిపి, మాది శుభ్రంగా ఉందండీ, మీ వైపే చూసుకోండి అన్నారు. మీటర్ కంపెనీని అడిగితే వాళ్లదీ అదే పాట. ఇద్దరూ నిజమే చెబుతున్నారని అప్పటికి తెలియదు కాబట్టి నేను ఇద్దరినీ మనసులో బాగానే తిట్టుకున్నాను.

కోర్ ఫైల్ (చచ్చే క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ కాపీ) తెప్పించి జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచాను. ఎవరు ఎవరిని పిలిచారో చూపే బ్యాక్‌ట్రేస్‌లో కిందనుంచి పైకి చూస్తే: మా మెయిన్, అది పిలిచింది లిబ్‌మీటర్‌లో పరికరాల రిజిస్టర్లు (కొలతలు ఉండే అరలు) చదివే ఫంక్షన్, అది పిలిచింది మెసేజ్ దారిలో చెడిపోలేదని చూసుకోవడానికి చెక్ నంబరు లెక్కకట్టే సీఆర్‌సీ16 అనే ఫంక్షన్, చచ్చింది అక్కడే. ఆ చివరి లైను పక్కన ఉన్న ఫైలు పేరు లిబ్‌కార్డ్. మళ్లీ చదివాను. మీటర్ లైబ్రరీకి కార్డు లైబ్రరీతో ఏం పని? దానికి ఇది ఒకటి ఉందని కూడా తెలియదు, రెండిటినీ రాసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు.

అక్కడి నుంచి పని తేలికే. ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో కలిపే డైనమిక్ లింకర్ ఎవరి పిలుపుని ఎవరికి కలుపుతోందో అదే చెబుతుంది, ఎల్‌డీ అండర్‌స్కోర్ డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి బైండింగ్స్ అని విలువ ఇచ్చి ప్రోగ్రామ్ నడిపితే చాలు. వేల లైన్లు కురుస్తాయి, అందులో సీఆర్‌సీ16 కోసం గ్రెప్‌తో వెతికాను. లిబ్‌మీటర్ అడిగిన సీఆర్‌సీ16ని లిబ్‌కార్డ్‌కి కట్టాను అని ఎంత ధీమాగా రాసిందో! లిబ్‌మీటర్‌లో తన సొంత సీఆర్‌సీ16 ఉంది, పిలిచే ఫంక్షన్ ఉన్న ఫైల్లోనే, ఓ ఇరవై లైన్లు పైన. అయినా దాన్ని కాదని పక్కింటికి వెళ్లింది.

ఎందుకు వెళ్లిందంటే లినక్స్‌లో పద్ధతే అది. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లింకర్ ఒక వరస కడుతుంది: ముందు ప్రోగ్రామ్, తర్వాత ప్రోగ్రామ్ నేరుగా అడిగిన లైబ్రరీలు మనం లింక్ చేసిన క్రమంలో, ఆ తర్వాత ఆ లైబ్రరీలకి కావలసిన లైబ్రరీలు. ఎవరికి ఏ పేరు కావాలన్నా ఈ వరసలో మొదటి నుంచి వెతుకుతుంది, మొదట దొరికినదానితో సరి. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఏ వీధిలోనైనా నిలబడి "అప్పలరాజూ" అని కేకేస్తే ఎంతమంది తలుపు తీస్తారో మీకు తెలుసు, లింకర్ మాత్రం మొదట తలుపు తీసినవాడి చేతిలో పని పెట్టి వెళ్లిపోతుంది, ఏ ఇంటి అప్పలరాజు కావాలో అడగదు. తన లైబ్రరీలోనే ఉన్న ఫంక్షన్‌ని పిలిచినా సరే, ఆ పేరు బయటికి కనబడేలా ఉంటే పిలుపు ఈ వరస మీదుగానే వెళ్తుంది. మా బిల్డ్‌లో లిబ్‌కార్డ్ ముందు, లిబ్‌మీటర్ వెనక. అంతే సంగతి.

పేరు ఒకటే అయినా పని కూడా ఒకటే అయితే ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఇక్కడ రెండిటి రూపాలు వేరు. లిబ్‌మీటర్‌లో సీఆర్‌సీ16కి రెండు ఆర్గ్యుమెంట్లు (పిలిచేటప్పుడు ఇచ్చే విలువలు): బఫర్ (బైట్లు ఉన్న చోటు), దాని పొడవు. లిబ్‌కార్డ్‌లో మూడు: మొదలుపెట్టే విలువ, బఫర్, పొడవు. లినక్స్ కెర్నల్లో ఉన్న సీఆర్‌సీ16 రూపం కూడా ఈ మూడింటిదే, కాబట్టి అదేం వింత రాత కాదు. సీ భాషలో సింబల్ అంటే ఉత్త పేరే, ఆర్గ్యుమెంట్లు ఎన్నో ఏ రకమో అందులో ఉండదు, కాబట్టి లింకర్‌కి తేడా తెలిసే దారే లేదు. మోడ్‌బస్‌లో రిజిస్టర్లు చదవమని పంపే ఫ్రేమ్ 8 బైట్లు, చివరి 2 బైట్లు సీఆర్‌సీవి, అంటే లెక్క కట్టాల్సింది ముందున్న 6 బైట్ల మీద. లిబ్‌మీటర్ బఫర్ అడ్రస్‌ని ప్రాసెసర్‌లో ఆర్గ్యుమెంట్లు పెట్టే మొదటి రిజిస్టర్‌లో, 6ని రెండో రిజిస్టర్‌లో పెట్టి పిలిచింది. అవతల ఉన్న మూడు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్ రెండో రిజిస్టర్‌లో ఉన్నది బఫర్ అడ్రస్ అనుకుంది. వెళ్లి అడ్రస్ 6 చదవబోయింది. కెర్నల్ రాసిన 6 ఇదే.

మరి ఒక్కోసారి పడిపోకుండా టైమ్‌అవుట్లు ఎందుకు? నాకు బాగా నచ్చిన భాగం ఇదే, ఎవరైనా పక్కన కూర్చుంటే పేపర్ తీసి బొమ్మ వేసి మరీ చెబుతాను. మూడో ఆర్గ్యుమెంట్ ఎవరూ ఇవ్వలేదు కదా, ఆ రిజిస్టర్‌లో అంతకుముందు నడిచిన కోడ్ వదిలేసిన ఏదో విలువ ఉంటుంది. అది సున్నా కాకపోతే లూప్ మొదలై అడ్రస్ 6 దగ్గర చస్తుంది. సున్నా అయితే పొడవు సున్నా అన్నమాట, లూప్ ఒక్కసారి కూడా తిరగదు, మొదలు విలువ ఎలా ఇచ్చారో అలాగే తిరిగొస్తుంది. ఆ మొదలు విలువ ఏమిటి? బఫర్ అడ్రస్‌లో చివరి 16 బిట్లు. దాన్నే సీఆర్‌సీ అనుకుని ఫ్రేమ్ చివర తగిలించి వైరు మీద పంపేశాం. మోడ్‌బస్ నియమం ప్రకారం సీఆర్‌సీ తప్పిన ఫ్రేమ్‌కి కంట్రోలర్ ఏ జవాబూ ఇవ్వకూడదు, ఎర్రర్ కూడా పంపకూడదు, ఊరుకోవాలి. అవి ఊరుకున్నాయి. మేం వైర్లు మార్పించాం.

ఎలక్ట్రీషియన్‌కి ఇదంతా వివరించబోతే మధ్యలోనే ఆపి, "అంటే వైరు బాగానే ఉందన్నమాట" అన్నాడు. అవును అన్నాను. ఆ తర్వాత అతను ఏం అన్నాడో ఇక్కడ రాయలేను.

మా టీమ్‌లో ఒకబ్బాయి, "అన్నా, లింక్ చేసే ఆర్డర్ తిప్పేస్తే పోదా?" అన్నాడు. పోదు, గొడవ అటు నుంచి ఇటు మారుతుంది. అప్పుడు లిబ్‌కార్డ్ పిలుపులు లిబ్‌మీటర్ ఫంక్షన్‌కి వెళ్తాయి. లిబ్‌కార్డ్ మొదలు విలువగా 65535 ఇస్తోంది, సీఆర్‌సీల్లో చాలావాటికి అదే మామూలు. రెండు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్ ఆ 65535ని బఫర్ అడ్రస్ అనుకుంటుంది, మామూలు లినక్స్‌లో 65536 కన్నా కింద ఏదీ మ్యాప్ కాదు కాబట్టి కార్డు గీకిన ప్రతిసారీ క్రాష్. సరే, లిబ్‌కార్డ్‌ని లింక్ చేయకుండా ప్రోగ్రామ్ నడుస్తుండగా లైబ్రరీని తెరిచే డీఎల్‌ఓపెన్‌తో విడిగా లోకల్‌గా తెరిస్తే? లిబ్‌మీటర్ బతుకుతుంది, ఎందుకంటే లిబ్‌కార్డ్ పేర్లు అందరూ వెతికే వరసలోకి రావు. కానీ లిబ్‌కార్డ్ మాత్రం తన సీఆర్‌సీ16 కోసం ముందు అందరి వరసలోనే వెతుకుతుంది, అక్కడ లిబ్‌మీటర్‌ది దొరుకుతుంది, మళ్లీ 65535. దీనికి లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీలో డీప్‌బైండ్ అనే ఫ్లాగ్ ఉంది, ముందు నీ ఇంట్లో వెతుక్కో అని చెప్పడం, కానీ మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ లాంటివి దానితో పొసగవు. నాకైతే అది వేరే దారి లేనప్పుడు వాడేదే.

మాకు వేరే దారి ఉంది, లిబ్‌మీటర్ సోర్స్ చేతిలో ఉంది. సీఆర్‌సీ16 ముందు స్టాటిక్ అని ఒక్క మాట చేర్చాం. ఆ ఫంక్షన్‌ని అదొక్క ఫైలే వాడుకుంటోంది కాబట్టి అది చాలు, పేరు ఫైలు దాటి బయటికి పోదు, ఇటు పిలుపు అటు వెళ్లదు, అటు పిలుపు ఇటు రాదు. అందరికీ తెలిసిన లిబ్‌మోడ్‌బస్ సోర్స్ తీసి చూడండి, అందులో సీఆర్‌సీ16 స్టాటిక్కే.

ఇంత ప్రమాదం ఉన్న పద్ధతిని ఎవరు పెట్టారని తిట్టుకోవడం సహజం, నేనూ తిట్టాను. కానీ దానికో కారణం ఉంది. 1980ల చివర్లో షేర్డ్ లైబ్రరీలు యూనిక్స్‌లోకి వచ్చినప్పుడు, అప్పటిదాకా స్టాటిక్‌గా లింక్ చేసిన (లైబ్రరీని తమలోనే కలుపుకున్న) ప్రోగ్రాములు ఎలా నడిచేవో కొత్త పద్ధతిలోనూ అచ్చం అలాగే నడవాలనుకున్నారు. ప్రోగ్రామ్ తన సొంత మాలాక్ (మెమరీ అడిగే ఫంక్షన్) రాసుకుంటే లైబ్రరీలన్నీ దాన్నే వాడాలి. ఈ రోజు జేఈమాలాక్ అనే ఇంకో మెమరీ లైబ్రరీని ఎల్‌డీ ప్రీలోడ్‌తో ముందు నిలబెట్టి ప్రోగ్రామ్ మొత్తానికీ మెమరీ పద్ధతి మార్చగలుగుతున్నామంటే ఆ నిర్ణయం వల్లే. విండోస్‌లో అలా కాదు, ఏ డీఎల్‌ఎల్ (అక్కడి లైబ్రరీ ఫైలు) నుంచి ఏ ఫంక్షన్ అని రెండూ కలిపి రాసి ఉంటాయి. మ్యాక్ కూడా 2001లో వచ్చిన 10.1 నుంచి పేరుతో పాటు ఏ లైబ్రరీదో గుర్తుపెట్టుకుంటుంది. ఈఎల్‌ఎఫ్ ఫైళ్లు వాడే లినక్స్ మాత్రం మామూలుగా పేరొక్కటే చూస్తుంది. ఇంకో విచిత్రం, ఇవే రెండు ఫంక్షన్లు రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లలో ఉండి ఒకే ప్రోగ్రామ్‌గా కలిపితే లింకర్ మల్టిపుల్ డెఫినిషన్ అని అరిచి ఆపేస్తుంది. రెండు డాట్ ఎస్‌ఓల్లో ఉంటే వార్నింగ్ కూడా ఉండదు.

సీ ప్లస్ ప్లస్‌లో పేరుతో పాటు ఆర్గ్యుమెంట్ల రకాలు కూడా సింబల్‌లో కలిసి ఉంటాయి కాబట్టి మా బాపతు క్రాష్ అక్కడ రాదు. దానికి దాని బాపతు ఉంది. ఒక స్టాటిక్ లైబ్రరీలో గ్లోబల్ స్ట్రింగో మ్యాపో ఉందనుకోండి, ఆ లైబ్రరీని రెండు డాట్ ఎస్‌ఓలు లోపల కలిపేసుకున్నాయి, ప్రోగ్రామ్ ఆ రెండిటినీ లోడ్ చేసింది. పేరు ఒకటే కాబట్టి రెండూ ఒకే వస్తువుని చూస్తాయి, కానీ దాన్ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్ ఇద్దరూ నడుపుతారు, ముగిసేటప్పుడు దాన్ని తీసేసే డిస్ట్రక్టర్ కూడా ఇద్దరూ నడుపుతారు. ప్రోగ్రామ్ పనంతా సక్రమంగా చేసి, ఎగ్జిట్ దగ్గర ఒకే మెమరీని రెండోసారి వదలబోయి డబుల్ ఫ్రీ అని చస్తుంది. పని అయిపోయింది కదా అని చాలామంది దీన్ని పట్టించుకోరు, మధురవాడలో నా స్నేహితుడొకడు అలాంటి ప్రోగ్రామ్‌ని ఏళ్ల తరబడి భరిస్తున్నాడు.

పైథాన్ వాడేవాళ్లు మాకేం అనుకోవద్దు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే సైకోపీజీ2 ప్యాకేజీ ముందే బిల్డ్ చేసిన రూపంలో ఎన్‌క్రిప్షన్ చేసే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని సొంతంగా లోపల పెట్టుకుని వచ్చేది, పైథాన్ ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ ఇంకో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని వాడేది, థ్రెడ్లు ఎక్కువున్న చోట ఈ రెండూ తగులుకుని సెగ్‌ఫాల్ట్‌లు వచ్చేవి. 2018లో ఆ రూపాన్ని బైనరీ అన్న పేరుతో వేరు చేశారు, 2019లో వచ్చిన 2.8 నుంచి అసలు ప్యాకేజీని సోర్స్ నుంచే బిల్డ్ చేసుకునేలా మార్చారు. ఈ విషయంలో నాకు గౌరవం ఉన్నది జేపెగ్ బొమ్మల లైబ్రరీ లిబ్‌జేపెగ్ మీద. 1998 నాటి 6బీ హెడర్లతో రాసిన కోడ్ పొరపాటున 8 రకం లైబ్రరీకి తగిలితే అది మెమరీ పాడుచేయదు, లైబ్రరీ ఫలానా నంబరుది, పిలిచినవాడు ఫలానా నంబరు అనుకుంటున్నాడు అని రెండు నంబర్లూ చూపించి ఆపేస్తుంది. పిలిచే దగ్గరే వెర్షనూ స్ట్రక్చర్ సైజూ పంపించుకుంటుంది కాబట్టి. అంత ముందుచూపు అందరికీ ఉండదు.

ఇప్పుడు మొదట చెప్పదలచుకున్న మాట. అయ్యా, మీ హెడర్ ఫైల్లో ఎనిమిది ఫంక్షన్లు ఉంటే మీ డాట్ ఎస్‌ఓ నుంచి ఆ ఎనిమిదే బయటికి కనబడాలి. జీసీసీ కంపైలర్‌లో విజిబిలిటీ హిడెన్ అనే ఆప్షన్ 2005లో వచ్చిన 4.0 నుంచి ఉంది. అది పెట్టి, బయటికి ఇవ్వదలచుకున్న ఫంక్షన్లకి మాత్రం డిఫాల్ట్ అని గుర్తు పెట్టండి. కోడ్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే లింకర్‌కి వెర్షన్ స్క్రిప్ట్ ఇవ్వండి, ఈ పేర్లు గ్లోబల్, మిగతావన్నీ లోకల్ అని నాలుగు లైన్ల ఫైలు. లోపల వేరే స్టాటిక్ లైబ్రరీలు కలుపుకుంటే ఎక్స్‌క్లూడ్ లిబ్స్ ఆప్షన్ వాటి పేర్లనీ దాచేస్తుంది. బయటికి ఇచ్చే పేర్లకి ముందు మీ కంపెనీ ముక్క ఒకటి తగిలించండి. అసలు అన్నీ బయటికి కనబడటమే డిఫాల్ట్‌గా ఉండటం తప్పని నా అభిప్రాయం, కానీ ఇన్నేళ్ల తర్వాత దాన్ని ఎవరూ మార్చరు.

వాడుకునేవాళ్లకి కూడా ఒక పని ఉంది, పెద్ద కష్టం కాదు. లైబ్రరీలోని పేర్లు చూపే ఎన్‌ఎమ్ కమాండ్‌కి మైనస్ డీ, డిఫైన్డ్ ఓన్లీ ఆప్షన్లు ఇచ్చి ప్రతి లైబ్రరీ నుంచీ పేర్లు తీసి, అన్నీ కలిపి సార్ట్ చేసి, యునీక్‌తో రెండుసార్లు వచ్చినవాటిని మాత్రం చూడండి. సీ ప్లస్ ప్లస్ ఉంటే వీక్ సింబల్స్ (రెండు చోట్ల ఉన్నా ఫరవాలేదని గుర్తు పెట్టిన పేర్లు) చాలా వస్తాయి, వాటిని పక్కన పెట్టాలి. మేం దీన్ని బిల్డ్‌లోనే పెట్టేశాం, తెలిసిన మినహాయింపుల జాబితాలో లేని పేరు ఏదైనా రెండు చోట్ల కనబడితే బిల్డ్ ఆగిపోతుంది.

అది పెట్టిన మొదటిసారే ఇంకోటి బయటపడింది. లిబ్‌కార్డ్‌లో మెసేజ్‌లు రాసుకునే ఫంక్షన్‌కి లాగ్ అని పేరు పెట్టారు. మ్యాథ్ లైబ్రరీలో లాగరిథమ్ ఫంక్షన్ పేరూ లాగే! మా సైట్‌లో సెన్సర్లు పీటీ100 రకం, లెక్కంతా కంట్రోలరే చేసి డిగ్రీలు ఇస్తుంది, మేం లాగరిథమ్ ముట్టుకోం కాబట్టి బతికిపోయాం. అదే థర్మిస్టర్లు వాడి ఉంటే రెసిస్టెన్స్ నుంచి డిగ్రీలు రాబట్టడానికి మామూలుగా లాగరిథమ్ వాడతారు, ఆ లెక్క వెళ్లి కార్డు రీడర్ మెసేజ్ రాసే ఫంక్షన్ చేతిలో పడేది.

రెండు పేర్లూ రాసి లిబ్‌కార్డ్ కంపెనీకి మెయిల్ పెట్టాను. మర్యాదగానే జవాబిచ్చారు, తర్వాతి రిలీజ్‌లో సరిచేస్తామన్నారు, చేశారు కూడా. కొత్త ఫైలు రాగానే మా జాబితా నడిపి చూశాను, సీఆర్‌సీ16 కనబడలేదు. లాగ్ మాత్రం అలాగే ఉంది. ఆ మెయిల్‌కే రిప్లై కొట్టి మళ్లీ పంపాను.